హంసతీరంలో చాకిరేవు బండ

నేను ఒక చాకిరేవు బండను. ఈ ముక్క ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే ఈ మధ్య కొందరు పెద్దమనుషులు నాకు ఇంకో పేరు పెట్టారు. ఆ పేరుతో పిలిస్తే నేను పలకలేదు, ఇక ముందు కూడా పలకను. రాయి ఎలాగూ పలకదు కదా అనుకుంటున్నారేమో. తడిబట్ట పెట్టి కొట్టి చూడండి, కృష్ణ అవతలి ఒడ్డు దాకా పలుకుతాను.

పుట్టింది కొండలో. రాళ్లు కొట్టే వెంకటస్వామి వరసగా గుంటలు తీసి, ఇనుప మేకులు దిగ్గొట్టి నన్ను కొండ నుంచి విడదీశాడు. అసలు నేను ఒక షావుకారు మేడకి మొదటి మెట్టుగా పోవలసినదాన్ని. బండికి ఎక్కించేటప్పుడు మూల చిట్లింది. చిట్లిన మెట్టు ఇంటికి అరిష్టమని షావుకారు వద్దన్నాడు. నాకు పోయిందేమీ లేదు, మెట్టునై ఉంటే జన్మంతా చెప్పుల కింద పడి ఉండేదాన్ని. ఊరి బట్టలు ఉతికే గురవయ్య వచ్చి, నన్ను అటూ ఇటూ తట్టి చూసి, ఇది చాలునన్నాడు. ఎడ్లబండి మీద ఏటి ఒడ్డుకి తెచ్చి, నీళ్ల వైపు కాస్త ఏటవాలుగా, మూడొంతులు ఒండ్రులోకి దించి పాతాడు. ఆ రోజు నుంచి ఇవాళ్టి దాకా అంగుళం కదల్లేదు.

గురవయ్య తర్వాత కోడలు బుల్లెమ్మ, బుల్లెమ్మ తర్వాత ఆమె కోడలు సామ్రాజ్యం నా దగ్గర నిలబడ్డారు. గురవయ్య దెబ్బ బరువుగా ఉండేది, బుల్లెమ్మకి ఎప్పుడూ తొందరే. సామ్రాజ్యం మాత్రం బట్టని పైకెత్తాక ఒక్క క్షణం ఆగి కొడుతుంది, అందుకే ఆమె ఉతికిన గుడ్డకి చిరుగు పడదు. మూడు తరాల దెబ్బలకి నా వీపు మీద జానెడు పొడవున నున్నటి పల్లం పడింది. ఆ పల్లమే నా కొంప ముంచబోయింది.

దెబ్బలు తినే బతుకు కూడా ఒక బతుకేనా అని జాలిపడే వాళ్లకి ఒక మాట. తొంభై ఏళ్లుగా ఈ ఊరి మురికి వదిలింది నా మీదే. కరణంగారి పంచె, పాలేరు పంచె ఒకే బానలో ఉడికి, ఒకే పూట నా మీద పడేవి. ఇస్త్రీ చేసి ఇళ్లకి చేరాక ఎవరి గొప్ప వారిది. కాలరు లోపలి మట్టి అందరిదీ ఒకే రంగని నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ఊరివాళ్లు పొలాలు అమ్ముకున్నాక ఏటి ఒడ్డున హంసతీరం వెలిసింది. హంసలు ఇక్కడ ఎప్పుడూ లేవు, ఉన్నవి కొంగలు. కొంగతీరం అంటే విల్లాలు అమ్ముడుపోవని కాబోలు. అరవై రెండు విల్లాలు, చుట్టూ పన్నెండడుగుల గోడ, లోపల గోల్ఫు మైదానం. పచ్చటి వరిచేలు తీసేసి పచ్చగడ్డి వేశారు, దాన్ని ఏ గొడ్డూ మేయకుండా కాపలా పెట్టారు. ఊరికి దూరంగా, రణగొణ లేకుండా, ఏటిగాలి పీలుస్తూ బతుకుదామని జనం ఆ ఇళ్లు కొనుక్కున్నారు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. అయితే ఇల్లు చూపించిన వాళ్లు ఏరు చూపించారు, గడ్డి చూపించారు, నన్ను చూపించలేదు. గోల్ఫు బంతి పడే ఏడో గుంట పక్కన, నీళ్ల అంచున, బట్టలుతికే రేవు ఒకటి ఉందని రిజిస్ట్రేషన్లు అయ్యాక గానీ వాళ్లకి తెలియలేదు.

రేవుకి ఆరడుగుల దారి వదలాలని పాత పంచాయతీ తీర్మానం ఉంది. అందుకని గోడలో ఒక చిన్న గేటు పెట్టి, ఇర్మియా అనే కాపలాదారుని నిలబెట్టారు. సామ్రాజ్యం రోజూ పొద్దున్నే నెత్తిన మూటతో ఆ గేటులోంచి వచ్చేది. ఊళ్లో ఇంటింటికీ మిషన్లు వచ్చి చీరలూ చొక్కాలూ ఆమెకి ఎప్పుడో దూరమయ్యాయి. ఇప్పుడు ఆమె ఉతికేవి టెంట్ హౌసు వాళ్ల షామియానాలు, పందిరి గుడ్డలు. ముప్పై అడుగుల షామియానా ఏ మిషన్లోనూ పట్టదు, దానికి పారే నీళ్లు, పెద్ద బండ ఉండాలి. ఈ రేవు పోతే ఆమెకి పని పోతుంది. ఉన్న సంగతి అంతే.

హంసతీరం సంఘానికి అధ్యక్షులు జనార్దనరావుగారు. ఎక్కడో పెద్ద ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఆయన రోజూ సరిగ్గా ఏడో గుంట దగ్గరికి వచ్చి, కాళ్లు ఎడం చేసి, ఊపిరి బిగబట్టి కర్ర ఎత్తేసరికి, ఇక్కడ సామ్రాజ్యం షామియానా ఎత్తేది. ధబ్బుమనేది. ఆయన బంతి వెళ్లి ఏట్లో పడేది. కొట్టేది ఇద్దరూ. కానీ ఆయన కొడితే ఆట, ఆమె కొడితే గోల. రోట్లో తల దూర్చి రోకటి పోటుకి వెరిస్తే ఎట్లా అని నేను అనుకునేదాన్ని. ఆయన అలా అనుకోలేదు. బండ పెకలించి, అక్కడ పూలకుండీలు పెట్టిద్దామని సంఘం చేత సరేననిపించారు. దసరా వెళ్లాక యంత్రం వస్తుందని ఇర్మియా సామ్రాజ్యం చెవిన వేశాడు. ముందు దసరా రానివ్వమంది ఆమె.

దసరా నాడు పనిముట్టుకి పని చెప్పరు, పూజ చేస్తారు. సామ్రాజ్యం ఆ ఉదయం నన్ను శుభ్రంగా కడిగి, ఒళ్లంతా పసుపు రాసింది. పల్లం చుట్టూ కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూలు పోసి, కొబ్బరికాయ కొట్టింది. దండం పెట్టుకుని ఇంటికి పోయింది. ఏటేటా జరిగేదే. మర్నాడు తెల్లారి పద్నాలుగో నంబరు విల్లా విశాలాక్షిగారు నడకకి వచ్చి నన్ను చూశారు.

ఆమె మంచి మనిషి, ఆ మాట ఒప్పుకోవాలి. చెప్పులు విడిచి, చెంగు కప్పుకుని, చాలాసేపు నిలబడ్డారు. పల్లం వైపు చూసి, ఇది అమ్మవారి పాదం, ఏటిలోంచి అడుగు పెట్టి పైకొచ్చిన పాదం అన్నారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. మధ్యాహ్నానికి పదిమంది వచ్చారు, సాయంత్రానికి నలభై మంది. అప్పటి దాకా ఒకరినొకరు విల్లా నంబర్లతో తప్ప ఎరగని వాళ్లు నా చుట్టూ నిలబడి పేర్లు అడిగి తెలుసుకున్నారు.

తానొకటి తలిస్తే దైవమొకటి తలుస్తుందంటారు. జనార్దనరావుగారి విషయంలో ఆ దైవం నేనే అయ్యాను. యంత్రం రాలేదు. ఆయన మొదట మొహం చిట్లించుకున్నా, తర్వాత తేరుకున్నారు. బండ పోకపోయినా ఉతుకుడు ఆగుతుంది కదా. ఆయనే ముందు నిలబడి నాకు హంసతీర గంగాభవాని అని పేరు పెట్టించారు. నాలుగు స్తంభాల పందిరి లేచింది. చుట్టూ గొలుసు కట్టి, చెప్పులు విప్పవలెనని బోర్డు పెట్టారు.

నన్ను పెకలిస్తామన్నప్పుడు కూడా నాకు అంత కోపం రాలేదు. పెకలించేవాడు శత్రువు, వాడితో పేచీ తేలిక. బరువుతోనే జవాబు చెప్పవచ్చు. మొక్కేవాడితో ఏం చేస్తాం? పాలు పోశారు, చీమలు పట్టాయి. నెయ్యి పోశారు, జిడ్డు పట్టింది. తొంభై ఏళ్లు ఊరి మురికి అంటని ఒంటికి ఐదు వారాల్లో వాళ్ల భక్తి అంటుకుంది. ఇక కోరికలు. ఒకాయన పక్క విల్లా కుక్క మొరగకుండా చూడమన్నాడు. ఇంకొకాయన తన బంతి ఒక్క దెబ్బకి గుంటలో పడితే వెండి గొడుగు చేయిస్తానన్నాడు. ఎవరి బంతి ఎటు పోయినా నాకేం పట్టింది? నాకు వచ్చిన పని ఒకటే, ఆ పని చేసే మనిషిని గేటు అవతల నిలబెట్టి నాకు హారతులిచ్చారు.

పూజ అయిన నాలుగో రోజున సామ్రాజ్యం మూటతో వస్తే ఇర్మియా ఆపాడు. బండ అమ్మవారయిందని చెబితే ఆమె వేళాకోళం అనుకుని నవ్విందట. తర్వాత నవ్వలేదు. ఎగువకి పోయి బురద ఒడ్డున ఉతికింది. తెల్ల పందిరి గుడ్డకి ఎర్రమట్టి పట్టింది, ఒకటి కంపకి తగులుకుని బారుగా చిరిగింది. ఇట్లా అయితే తుడిస్తే చాలే ప్లాస్టిక్ గుడ్డలు కొనుక్కుంటానని టెంట్ హౌసు యజమాని అన్నాడు. కార్తీక పౌర్ణమి వెళ్తే పెళ్లిళ్లు వరసగా ఉన్నాయి, గుడ్డలన్నీ అప్పటికి తెల్లబడాలి. ఆ పౌర్ణమి నాడే నాకు ప్రతిష్ఠ ముహూర్తం పెట్టారు. మంత్రం పడ్డాక నా మీద బట్ట పెట్టనిచ్చేవాళ్లు ఇక ఎవరూ ఉండరని ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు.

పౌర్ణమి ఉదయం హంసతీరమంతా నా చుట్టూ కుర్చీలు వేసుకుని కూర్చుంది. నాకు ఎర్రటి వెంకటగిరి నూలు చీర చుట్టారు. పట్నం నుంచి వచ్చిన పంతులుగారు దర్భలు విడదీస్తున్నారు. అప్పుడు చిన్న గేటు దగ్గర మాటలు వినిపించాయి.

"అక్కా, ఇయ్యాల వద్దు. పెద్దోళ్లంతా లోపలున్నారు. నా ఉద్యోగం పోద్ది," అన్నాడు ఇర్మియా.

"నువ్వు ఆపావనే చెప్పు. నేను ఆగలేదని నేను చెప్తా," అంది సామ్రాజ్యం.

వచ్చింది. మూట దించింది. గొలుసు దాటి, నా మీది దండలు ఒక్కొక్కటే తీసి ఏట్లో వదిలింది. చీర విప్పి, అలవాటు కొద్దీ అంచులు కలిపి చక్కగా మడత పెట్టి, దగ్గరలో ఉన్న విశాలాక్షిగారి చేతిలో పెట్టింది. తన వంటింట్లో తాను సర్దుకుంటున్నంత మామూలుగా చేసేసరికి ఆపాలన్న సంగతి ఎవరికీ తోచలేదు. ఆమె షామియానా నీళ్లలో ముంచుతుంటే జనార్దనరావుగారికి మాట వచ్చింది.

"ఏమ్మా, కళ్లు కనిపించడం లేదా? అది అమ్మవారు. అమ్మవారి మీద గుడ్డలు ఉతుకుతావా?"

"ఆ పసుపు రాసింది నేను బాబుగారూ. దసరాకి నా పనిముట్టుకి నేను రాసుకున్నా. మీరూ ఆ రోజే మీ కారుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, నిమ్మకాయలు తొక్కించారంట గదా. మర్నాడు ఆ కారు చుట్టూ గొలుసు కట్టి మొక్కుతా కూర్చున్నారా? ఎక్కి తోలుకుపోలా?"

వెనక కుర్చీల్లో ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. అది వేరు, ఇది వేరు అన్నారు జనార్దనరావుగారు. ఎట్టా వేరో చెప్పమంది ఆమె. ఆయన పంతులుగారి వైపు తిరిగారు. పంతులుగారు లేచి వచ్చి, నా ముందు కూర్చుని, పల్లంలో వేళ్లు పెట్టి పై నుంచి కింది దాకా తడిమారు.

"ఇది ఎవరు పాతారమ్మా?" అని ఆమెనే అడిగారు.

"మా మావ వాళ్ల అయ్య."

"ఇది పాదం కాదండీ, ఉతికి ఉతికి అరిగిన పల్లం. మా మేనత్తగారి బావి దగ్గర ఇట్లాంటిదే ఉండేది," అన్నారు పంతులుగారు జనార్దనరావుగారితో. పనిలో ఉన్న రాయికి తాను ప్రతిష్ఠ చేయనని చెప్పి, సంచి సర్దుకోవడం మొదలుపెట్టారు. జనార్దనరావుగారు ఇంకేదో అనబోయారు. సామ్రాజ్యం అప్పటికే షామియానా తలపైకి ఎత్తింది. ఎప్పటిలాగే ఒక్క క్షణం ఆగింది.

నేను పలికాను. ఐదు వారాల మూగతనమంతా తీరేలా పలికాను. కొంగలు లేచిపోయాయి, కుర్చీల్లోని వాళ్లు ఉలిక్కిపడి లేచారు. రెండో దెబ్బకి నెయ్యి వదిలింది, తర్వాత పాలమరకలు, పసుపు, వాళ్లు పెట్టిన పేరు, అన్నీ కలిసి ఏటి వెంట పోయాయి. సంతోషం వేసింది. గర్వం కూడా వేసింది, ఎందుకు దాచాలి?

జనార్దనరావుగారు కోర్టుకి వెళ్తానంటున్నారు. వెళ్లనివ్వండి. నన్ను తీయాలంటే ముందు నేను పనికిరానిదాన్నని రుజువు చేయాలి, ఆ వాయిదా నాటికి కూడా నా మీద తడిబట్టే ఉంటుంది.

వారం తర్వాత విశాలాక్షిగారు ఒక్కరే వచ్చారు. చెప్పులు విప్పాలో వద్దో తెలియక పందిరి దగ్గర తటపటాయించి, చివరికి వేసుకునే వచ్చారు. చేతిలో ఆ ఎర్రచీర ఉంది. దీపం నూనె ఒలికి పెద్ద మరక పడిందట, ఇంట్లో మిషన్లో రెండుసార్లు వేసినా పోలేదట. మాట తడబడుతూ చెప్పారు. సామ్రాజ్యం చీర విప్పి, మరకని వెలుగులోకి పెట్టి చూసింది.

"ఇట్టా ఇవ్వండి అమ్మగారూ. దీనికి బండ పడాల్సిందే," అంది.

సబ్బు రుద్ది, నీళ్లలో జాడించి, చీరని తలపైకి ఎత్తింది. అమ్మవారికని కొన్న చీర వచ్చి అమ్మవారన్న బండ మీదే పడింది. విశాలాక్షిగారు గట్టిగా కళ్లు మూసుకున్నారు. మూడో దెబ్బకి నెమ్మదిగా తెరిచి, వంగి మరక వైపు చూశారు. ఏడో దెబ్బకి అది పోయింది.