జత దొరకని గుర్తులు

2009లో హోసూరులోని ఒక ఫ్యాక్టరీలో, రేకులు వంచే ప్రెస్ కింద మాదప్ప కుడిచేతి వేళ్ళు నలిగిపోయాయి; ఆస్పత్రిలో వాటిని తీసేయాల్సి వచ్చింది. చేయి అడ్డొస్తే ప్రెస్‌ను ఆపాల్సిన ప్రోగ్రాం దాని కంప్యూటర్లో ఉంది. చేయి కనబడగానే ఆ ప్రోగ్రాం లేస్తుంది, ప్రాసెసర్ దగ్గర తన వంతు వచ్చాక పని మొదలుపెడుతుంది. మధ్యలో ఎంతసేపు ఆగిందో, ఆ వంతులు పంచే కెర్నెల్ నుంచి పట్టి చెప్పే స్క్రిప్టు ఇంజినీరు విష్ణువర్ధన్ రాసినది. ఆలస్యమే లేదని అది చెప్పింది. తప్పు మాదప్పదేనని తేల్చి, పనిలోంచి తీసేశారు.

అదే స్క్రిప్టును మిగతా ప్రెస్‌లకూ పెట్టే పని నాగజ్యోతికి వచ్చింది. ఆమె కడప నుంచి కొత్తగా చేరిన ఇంజినీరు. కంప్యూటర్ మీద పని ఎక్కువైనప్పుడల్లా ఆలస్యం ఇంకా తక్కువగా కనబడడం ఆమెకు వింతగా తోచింది. స్క్రిప్టు లెక్క కట్టకముందు పడిన నమోదులు తెరిచి చూసింది. చాలాచోట్ల ప్రోగ్రాం లేచిన గుర్తు ఉంది, పని మొదలైన గుర్తు లేదు. ఆ గుర్తులను దాచే బఫర్ చిన్నది. రద్దీలో నిండిపోయి కొన్ని రాలిపోతున్నాయి. జత దొరకని వాటిని స్క్రిప్టు చప్పుడు చేయకుండా పారేస్తోంది. రద్దీలో ఎక్కువసేపు ఆగినవే అలా లెక్కలోంచి పోతున్నాయి.

బఫర్ పెంచి మళ్ళీ నడిపింది. ఈసారి ప్రెస్ పూర్తిగా దిగిపోయేంత ఆలస్యం కనబడింది. వెళ్ళి విష్ణువర్ధన్‌కు చూపించింది.

విష్ణువర్ధన్ తెర మీది అంకెలు రెండుసార్లు చదివాడు.

“ప్రెస్‌లన్నీ ఇప్పుడే ఆపిస్తాను. ప్రోగ్రాం మార్చేద్దాం,” అన్నాడు. “మాదప్ప సంగతి మాత్రం ఎత్తకు జ్యోతీ. అది ముగిసిపోయింది.”

“ఎవరికి ముగిసింది సార్?”

అతను ప్రెస్‌లు ఆపించడానికి లేచి వెళ్ళిపోయాడు.

ఆదివారం ఆమె హోసూరు పక్కనే ఉన్న మూకండపల్లిలో మాదప్ప గది వెతుక్కుంటూ వెళ్ళింది. అతను కట్టుకట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని గడపలో కూర్చుని ఉన్నాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు.

“నేనే తొందరపడి చెయ్యి పెట్టినానేమో అని ఇన్నాళ్ళూ నన్ను నేనే తిట్టుకుంటా ఉన్నానమ్మా. మా ఊరు జవళగిరిలో మా నాయన కూడా, నీ ద్యాస యాడ పెట్టినావురా అన్నాడు.” తలెత్తి ఆమెను చూశాడు. “ఈ మాట ఆడ అందరి ముందరా చెప్తారామ్మా?”

“చెప్తానన్నా.”

మర్నాడు షిఫ్టు మారే వేళ గేటు దగ్గర అందరినీ ఆపి చెప్పింది. విష్ణువర్ధన్ దూరంగా తల వంచుకుని నిలబడ్డాడు, కాదనలేదు. సాయంత్రానికి ఆమె ఉద్యోగం పోయింది.

కంపెనీ మాదప్పను మళ్ళీ పనికి పిలిచింది. అతను పోలేదు.

“ఆ ప్రెస్సు చప్పుడు వింటే లేని వేళ్ళు నొప్పి పెడతాయమ్మా,” అన్నాడు ఆమెకు ఫోన్ చేసి. “ఊరికి పోతా ఉన్నా. మా నాయనకు ఈ మాట నేనే చెప్పుకోవల్ల.”