హద్దురాయికి అవతల

రొట్టెల వ్యాను నడిపే అక్కకి రెండు పోలీస్ స్టేషన్ల మధ్య ఉన్న ఆ హద్దురాయిని చూస్తేనే ఒళ్ళు మండుతుంది. ఇవాళ దాన్ని దాటి నలభై అడుగులు పోయిందో లేదో, అక్కడ నీడ బాగుందని బైకు పెట్టుకుని కూర్చున్న ఎస్సై చెయ్యి అడ్డం పెట్టాడు.

"వెనక లైటు పగిలింది. ఫైన్ కట్టు."

పోయిన నెల సరిగ్గా ఇక్కడే ఒక లారీ వ్యానుని వెనకనుంచి గుద్ది పారిపోయింది. నంబరు అరచేతిలో రాసుకుని అక్క స్టేషనుకి పరిగెత్తితే, ఈ ఎస్సైగారే తల కూడా ఎత్తలేదు. "రాయి దాటితే మా లిమిట్స్ కాదమ్మా. పక్క స్టేషన్‌కి పో" అన్నాడు. పక్క స్టేషన్‌వాళ్ళు రేపు రా, ఎల్లుండి రా అంటూ చెప్పులరిగేలా తిప్పారు.

"సార్, ఈ లైటు పగలగొట్టినవాణ్ణి పట్టుకోమంటే ఇది మీ లిమిట్స్ కాదన్నారు. పగిలిన లైటుకి ఫైన్ వెయ్యడానికి మాత్రం మీ లిమిట్సేనా?"

"నాకే రూల్స్ చెప్తావా?" అంటూ ఎస్సై పుస్తకం తెరిచాడు.

"రాయండి. ఏ చోట ఆపారో అదీ రాయండి. ఈ చోటు మీది కాదంటే నన్ను ఆపే హక్కు మీకు లేదు. మీదే అంటే ముందు నా కంప్లయింటు తీసుకోండి."

ఎస్సై వెనక్కి తిరిగి రాయి వైపు చూశాడు. పెన్ను జేబులో పెట్టుకుని, "సర్లే, పో" అన్నాడు.

అక్క ఇంజను ఆపేసింది.

"నేనెక్కడికీ పోను. లారీ నంబరు చెప్తున్నా, రాసుకోండి."