రెండో కాన్పు నెత్తురు

నేను ఒక రక్తం తిప్పే యంత్రాన్ని. సెంట్రిఫ్యూజ్ అంటారు, ఆయాలకు మాత్రం గిరగిర పెట్టెను. ఒక ప్రైవేటు ల్యాబులో షుగరు రోగుల నెత్తురు తిప్పి తిప్పి అరిగిపోయాక, శ్రీకాకుళం వైపు కాన్పుల ఆసుపత్రికి చేరాను. కాన్పులకు పాతది సరిపోతుందనుకున్నారు కాబోలు! ఎర్రదాన్ని కిందికీ పసుపు నీటిని పైకీ విడదీయడం నా పని. మనుషులే నాకు ఎంతకీ తేటపడలేదు.

డాక్టరు చదువుతున్న నీరజాక్షి పరిశోధన మొదలుపెట్టింది. తల్లి నెత్తురొక గొట్టం, బిడ్డ బొడ్డుతాడు నెత్తురొక గొట్టం. ఇనుముకు తుప్పు పట్టినట్టు ఒంటి కణాలకు కలిగే నష్టానికి కారణం ఆక్సిడేటివ్ స్ట్రెస్ అట. అది తొలిచూలు తల్లీబిడ్డల్లో ఎక్కువా, ముందే ఒకసారి కన్నవాళ్లలో ఎక్కువా అన్నది ఆమె ప్రశ్న. నాకైతే అన్నీ ఒకే పసుపు. ఏం తెలిసి చచ్చింది!

నూకరత్నం కాన్పుకొచ్చినప్పుడు అత్త అప్పయ్యమ్మ తొలి కాన్పేనని చెప్పింది. అబద్ధమాడాననుకోలేదు. పురిటిస్నానం కాకముందే పోయిన బిడ్డను ఆ ఇంట్లో లెక్కపెట్టరు, తలుచుకోరు. నీరజాక్షి ఆ తల్లీబిడ్డల గొట్టాలను తొలిచూలు వరసలో పెట్టింది.

మర్నాడు నూకరత్నం గోడ పట్టుకుని నా గదిలోకి వచ్చింది, వెనకే బిడ్డనెత్తుకుని అత్త. తన నెత్తురు ఏం చేస్తారని అడిగింది. నీరజాక్షి వరసల సంగతి చెప్పేసరికి నూకరత్నం ముఖం పాలిపోయింది. ఇక్కడ కూడా లెక్కలోకి రాకపోతే పోయిన బిడ్డ అసలు పుట్టనట్టే అయిపోతుందని ఆమె భయం.

"నన్ను తొలిసూలోళ్లలో కలపొద్దమ్మా. ముందొక ఆడపిల్ల పుట్టింది. నా పాలు తాగి పోయింది."

పురుడు కాని పిల్ల లెక్కేమిటని అత్త గొణిగింది. నూకరత్నం ఆవిడ వైపు చూడలేదు. నీరజాక్షి గొట్టాలను తీసి రెండో వరసలో పెట్టింది.

అప్పయ్యమ్మ ఆ గొట్టాలనే చూస్తూ నిలబడింది. పోయిన పిల్ల పేరు కూడా రాసుకుంటారా అని మెల్లగా అడిగింది. పేరు పెట్టనేలేదు కదత్తా, అంది కోడలు.

"నాను సిట్టమ్మని పిలిసీదాన్నే. నువ్వు తొంగున్నప్పుడు."

ఆ సంగతి నూకరత్నానికీ తెలియదు. అత్త భుజం మీద తల వాల్చి ఏడ్చింది. ఒళ్లో పెట్టుకుని పేరుతో పిలిచిన బిడ్డను లెక్కలో లేదని ఆ అత్త ఎలా అన్నదో, ఎన్నిసార్లు తిరిగినా నాకు అర్థం కాలేదు. అప్పయ్యమ్మ మాత్రం నీరజాక్షిని మళ్లీ అడిగింది, రెండో కాన్పని సరిగ్గా రాశావా అమ్మా అని.