పదకొండు మీటర్ల మేకు

మా ఇసుక పరీక్ష గదిలో నన్ను మించిన తెలివైనది లేదని నాకో గట్టి నమ్మకం. మంగళవారం పొద్దున్న జల్లెడ పడుతుండగా ఆ నమ్మకం కాస్తా పోయింది.

నెలనెలా తీరం నుంచి వచ్చే ఇసుకలో ఏటిది ఎంత, గట్టుది ఎంత అని తేల్చడం నా పని. ఏటి ఇసుక నల్లగా, సన్నగా ఉంటుంది. సముద్రం అంచున నిలువుగా ఉన్న మట్టిగట్టు నుంచి రాలేది ఎర్రగా, ముతకగా ఉంటుంది. పైన ఆనకట్ట కట్టాక ఏటి మట్టంతా అక్కడే ఆగిపోయింది. అయినా తీరంలో ఇసుక తరగలేదని మా పెద్దసారు సంబరపడ్డారు, నేనూ తలూపాను. ఏరు ఇవ్వడం మానేస్తే సముద్రానికి ఇసుక ఎవరిస్తున్నారని అడగాల్సిన మనిషిని నేనే.

ఆ రోజు జల్లెడలో అంతా ఎరుపే. మధ్యలో రెండు వేళ్ల వెడల్పున ఒక పెంకు. తుడిచి చూస్తే నీలం పువ్వు. అక్క పెరట్లో బట్టలుతికే అరుగుకు నేనే అతికించిన టైలు అది. పువ్వు తలకిందులుగా పెట్టానని అక్క ఇప్పటికీ దెప్పుతుంది.

అక్క ఇల్లు ఆ గట్టు మీదే. అంచు ఎంత కోసుకుపోతోందో తెలియడానికి వాళ్ల పెరట్లో ఇనుప మేకు పాతాను. అక్కడి నుంచి అంచుకు టేపు పెట్టి కొలవాలి. రెండు గంటల బస్సు ప్రయాణానికి ఒళ్లు బద్ధకించి, ఏడాదిగా ఆ పని బావకు అంటగట్టాను. ఆయన ఫోనులో పదకొండు మీటర్లు అనేవాడు, నేను మార్పు లేదని రాసేదాన్ని. నేను ప్రమాదం అనలేదు కదా అన్న ధైర్యంతోనే అక్క ఇంటి వెనక కుట్టుమిషనుకు కొత్త గది కట్టించుకుంది.

ఉన్నపళంగా బస్సెక్కాను. గేటు తీసి చూశాను. పెరట్లో ఉండాల్సిన మేకు వీధి గుమ్మం పక్కన ఉంది. మధ్యలో ఇల్లు, ఆ వెనక సముద్రం.

మేకు ఇక్కడికెలా వచ్చిందని బావను అడిగాను.

“నేనే మార్చానమ్మాయ్. అంచుకి పదకొండు మీటర్లుండాలి అన్నావుగా. గట్టు విరిగినప్పుడల్లా వెనక్కి జరిపి పాతా. ఒక్క నెల కూడా తప్పలేదు,” అన్నాడు, మెచ్చుకుంటానని చూస్తూ.

పాతిన రోజు ఆ మాట అన్నాను. మేకు కదపకూడదని మాత్రం చెప్పలేదు. అంత చిన్న విషయం చెప్పడమేమిటనుకున్నాను.

ఇంటి పక్కగా వెనక్కి పరిగెత్తాను. అరుగు లేదు. కొత్త గది గోడ దాటితే నాలుగడుగుల నేల, ఆ తర్వాత ఏమీ లేదు. లోపల మిషను చప్పుడు వినిపిస్తోంది. వెళ్లి అక్క చెయ్యి పట్టి లాగాను. మిషను లేకుండా రానని మొండికేసింది. ముగ్గురం కలిసి దాన్ని మోసుకొచ్చి గేటు దగ్గర దించామో లేదో, వెనక నేల అదిరింది. గది సగం కిందికి పోయింది.

నేను పెంకు తీసి అక్క చేతిలో పెట్టి, అది జల్లెడలో దొరికిందని చెప్పాను. అక్క దాన్ని తిప్పి తిప్పి చూసింది.

“అరుగు పడినప్పుడే నీకు ఫోన్ చేద్దామనుకున్నా. బావ కొలత పంపాడుగా, నీకు తెలిసే ఉంటుందిలే అని ఊరుకున్నా. ఇన్నాళ్లూ ఏం రాశావే?”

“మార్పు లేదని.”

అక్క వంగి మేకు పీకి నా చేతిలో పెట్టింది.

“వచ్చే నెల జల్లెడలో నా గది వస్తుంది. అప్పుడైనా సరిగ్గా రాయి.”