గురువారానికి వాయిదా

మా అమ్మాయిని గుద్దిన లారీ డ్రైవరుకు ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఒక్క మచ్చ కూడా లేదని వాళ్ళ లాయరు కోర్టులో అన్నప్పుడు, లేచి వెళ్ళి ఆ నల్లకోటు పట్టుకుని గుంజాలనిపించింది. పక్కన కూర్చున్న మా ఆయన మాత్రం తల వంచుకుని తన చెప్పుల వంక చూసుకుంటూ ఉండిపోయాడు. మనిషికి రోషం అనేది ఉండాలి కదా అనుకున్నాను. ఆ మాట ఆ రోజు పైకి అనలేదు గానీ, తర్వాత వారమంతా అంటూనే ఉన్నాను.

అమ్మాయికి ఇరవై ఆరేళ్ళు. కళ్ళజోళ్ళ దుకాణంలో పని. పొద్దున తొమ్మిదింటికి పెద్ద కూడలిలో రోడ్డు దాటుతుంటే, ఇటుకల లోడుతో వస్తున్న లారీ ఎర్రలైటును లెక్కచేయకుండా వచ్చి కొట్టేసింది. ఆసుపత్రికి చేరేలోపే అంతా అయిపోయింది. కూడలిలో కెమెరా మూడు నెలలుగా పాడైపోయి ఉందట. అమ్మాయే తొందరపడి రోడ్డు మీదికి దిగిందని ఒకరు, లేదని ఇంకొకరు సాక్ష్యం చెప్పారు. పెద్ద కేసు నిలబడలేదు. చివరికి మిగిలింది ఎర్రలైటు దాటినందుకు రాసిన చలానా ఒక్కటే. పిల్ల ప్రాణానికి లెక్కగా ఒక పసుపు కాగితం.

మా తరఫు లాయరు ఉన్నమాట చెప్పాడు.

"ఇదివరకు కూడా ఇతను ఇలాగే లైటు దాటినట్టు కోర్టు రికార్డుల్లో ఉంటే, లైసెన్సు పూర్తిగా రద్దు చేసే అధికారం జడ్జిగారికి ఉందమ్మా. ఏమీ లేకపోతే జరిమానా వేసి, కొన్ని నెలలు సస్పెండ్ చేస్తారు. అంతకుమించి ఆశ పెట్టుకోకండి. రెండు వారాల్లో తీర్పు."

ఇంటికి రాగానే మా ఆయనతో అన్నాను. "రేపే రికార్డుల గదికి వెళ్దాం పదండి. ముప్పై ఏళ్ళు ట్రాఫిక్ పోలీసుగా చేశారు. ఆ కోర్టులో బంట్రోతు దగ్గర్నుంచి అందరూ తెలిసినవాళ్ళే కదా మీకు."

"వద్దు. ఏమీ దొరకదు" అన్నాడు.

"వెతక్కుండానే ఎలా తెలిసింది?"

కుర్చీ కిటికీ వైపు తిప్పుకుని కూర్చున్నాడు. రిటైరయ్యాక అమ్మాయితో తప్ప ఎవరితోనూ పెద్దగా మాట్లాడేవాడు కాదు. అది పోయాక ఆ కాస్తా ఆగిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. "సరే, మీరు ఆ కుర్చీకి కాపలా కాయండి. నేనే పోతాను" అని, కుట్టాల్సిన బడి బట్టలన్నీ మూటకట్టి మూలన పడేసి మర్నాడు బయల్దేరాను.

రికార్డుల గది కోర్టు వెనకాల, నాలుగు మెట్లు దిగితే వస్తుంది. ఎత్తయిన ఇనుప బీరువాలు, వాటి మధ్య ఒక మనిషి పక్కవాటుగా నడిచేంత దారి. పైన రెండు ట్యూబులైట్లు, అందులో ఒకటి వెలగాలా వద్దా అని ఆలోచిస్తూ ఉంటుంది. అక్కడి గుమాస్తా నా వయసు ఆడమనిషి. కళ్ళజోడుకు తాడు కట్టుకుని మెళ్ళో వేసుకుంది. లైసెన్సు నంబరు చెప్తే కంప్యూటర్లో కొట్టి చూసింది.

"ఏమీ లేదమ్మా. శుభ్రంగా ఉంది."

నేను కదల్లేదు. ఎందుకు వెతుకుతున్నానో చెప్పాను. ఆవిడ కాసేపు కళ్ళజోడు తుడుచుకుంది.

"దీంట్లో శిక్ష పడినవే కనిపిస్తాయి. కోర్టు కొట్టేసిన కేసులు కనిపించవు. అవి వాయిదాల రిజిస్టర్లలో చేత్తో రాసి ఉంటాయి. పేరు పెట్టి వెతకడానికి లేదు, తారీఖుల వారీగా ఉంటాయి. నేను వెతికిపెట్టలేను గానీ, మీరు కూర్చుని చూసుకుంటానంటే కాదనను."

పాతికేళ్ళు సూదిలో దారం ఎక్కించిన కళ్ళు నావి. కూర్చున్నాను. ఒక్కో రిజిస్టరూ ఒక పసిపిల్లంత బరువు. పేజీకి ముప్పై గళ్ళు. గడిగడికీ ఎవరో ఒకరి తప్పు. ఊళ్ళోవాళ్ళ బండారమంతా అందులోనే ఉంది. పిల్లలు వీధిలో పరిగెత్తితే క్రమశిక్షణ లేదని చెవులు మెలిపెట్టే మా ఊరి బడి హెడ్మిస్ట్రెస్‌గారు ఒకే ఏడాదిలో మూడుసార్లు అతివేగంగా పోయి పట్టుబడ్డారు. మా వీధి పళ్ళ డాక్టరు లైసెన్సే లేకుండా రెండేళ్ళు కారు నడిపాడు. ఇంకో రోజైతే కడుపుబ్బా నవ్వేదాన్ని. ఇంటికి వెళ్ళి అమ్మాయికి చెప్పేదాన్ని.

నాలుగో రోజు మధ్యాహ్నం దొరికింది. పదకొండేళ్ళ కిందటి రిజిస్టరులో అతని పేరు, అదే లైసెన్సు నంబరు. నేరం: పెద్ద కూడలిలో ఎర్రలైటు దాటడం. చివరి గడిలో: 'చలానా రాసిన పోలీసు గైర్హాజరు. కేసు కొట్టివేత.' అన్నం డబ్బా మూత కూడా తీయకుండా వెతికాను. తర్వాతి ఏడాది ఇంకొకటి. ఆ పై ఏడాది మరొకటి. మూడూ ఎర్రలైటు కేసులే, మూడూ ఒకే కూడలి. మూడింటికీ చివర అదే మాట. మచ్చ లేదట మచ్చ! అమ్మాయి పోయాక మొదటిసారి నాకు ఆకలి వేసింది.

మూడు రిజిస్టర్లూ ఎత్తుకెళ్ళి గుమాస్తా బల్ల మీద పెట్టాను. ఆవిడ నకళ్ళు తీసి, ముద్రలు వేస్తూ ఒక గడి మీద వేలు పెట్టింది.

"కొట్టేసిన కేసుల్ని జడ్జిగారు లెక్కలోకి తీసుకుంటారో లేదో చెప్పలేను. కానీ ఆ చలానా రాసిన పోలీసు దొరికితే సాక్ష్యం చెప్పించొచ్చు. మూడింటికీ ఒకడే. నంబరు రెండు వందల పధ్నాలుగు."

ఆ అంకె చదవడానికి నాకు కళ్ళజోడు అక్కర్లేదు. మా ఆయన ప్రతి కొత్త డ్యూటీ చొక్కా జేబు మీదా ఎర్ర దారంతో దాన్ని కుట్టింది నేనే.

ఆవిడకు నా మొహం ఎలా కనిపించిందో గానీ, "కూర్చోండమ్మా" అని స్టూలు జరిపింది. తర్వాత తన ధోరణిలో తాను చెప్పుకుపోయింది. "ఇది మామూలే. ఏ పోలీసుకు ఏ రోజు సెలవో లాయర్లకు నోటికొచ్చు. ఏదో వంక పెట్టి ఆ రోజుకు వాయిదా అడుగుతారు. సెలవు రోజున డ్రెస్సు వేసుకుని కోర్టుకు ఎవరొస్తారు చెప్పండి? మీరే చూడండి, మూడూ గురువారాలే. ఆయనకు గురువారం సెలవై ఉంటుంది."

గురువారమే. వారంలో ఆ ఒక్క రోజూ మనిషి నాది అనుకునేదాన్ని. ఎవరు పిలవడానికి వచ్చినా లేరని చెప్పి పంపేసేదాన్ని. కోర్టు కాగితం వచ్చినప్పుడల్లా ఆయన దాన్ని పట్టుకుని వంటగది గుమ్మంలో నిలబడేవాడు. "పోకపోతే ఏమవుతుంది?" అని అడిగేదాన్ని. "కేసు కొట్టేస్తారు" అనేవాడు. "కొట్టేస్తే కొట్టేయనీండి, ఊరంతా మీ మీదే నడుస్తోందా" అనేదాన్ని. ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. అందులో మూడుసార్లు ఈ లారీవాడి కేసే.

ఇంటికి వెళ్ళి నకళ్ళు ఆయన ముందు పెట్టాను. చేత్తో ముట్టుకోలేదు.

"స్టేషన్‌లో వాడి మొహం చూసిన రోజే గుర్తుపట్టాను" అన్నాడు. "మూడుసార్లూ నేనే ఆపాను. మూడోసారైతే, 'నువ్వు ఎవరో ఒకరిని చంపేదాకా ఊరుకోవురా' అని కూడా అన్నాను."

"మరి ఇన్నాళ్ళూ నోట్లో బెల్లంముక్క పెట్టుకుని కూర్చున్నారా? నాకు చెప్పొద్దూ?"

"ఏమని చెప్పను?"

ఆ నకళ్ళు చించి పొయ్యిలో వేద్దామా అన్న ఆలోచన నాకు వచ్చింది. వచ్చిందని ఒప్పుకుంటున్నాను. నేను అలా చూస్తుండగానే ఆయన ఆ కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"లాయరుతో చెప్పు. నేను బోనెక్కుతాను. వాడు మళ్ళీ బండి ఎక్కకూడదు."

తీర్పు రోజున గడ్డం గీసుకుని, తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చాడు. బోనులో నిలబడి మూడు తారీఖులూ, లారీ ఏ పక్కనుంచి వచ్చిందీ, లైటు పడ్డాక ఎంతసేపటికి దాటిందీ, అన్నీ తడుముకోకుండా చెప్పాడు. డ్రైవరు తల ఎత్తలేదు. జడ్జిగారు పెద్దావిడ, రాసుకుంటూ వింది. ఒక్క క్షణం గెలిచామనే అనుకున్నాను.

వాళ్ళ లాయరు నింపాదిగా లేచాడు. "అంత స్పష్టంగా గుర్తున్నవారు, ఆ మూడు వాయిదాలకూ కోర్టుకు ఎందుకు రాలేదండీ?"

"సెలవండి."

"మూడుసార్లూనా?"

"మూడుసార్లూ."

"ఆసుపత్రి పనా? ఊరు వెళ్ళారా? ఎవరైనా ఆపారా?"

మా ఆయన ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు. "ఎవరూ ఆపలేదండి. ఇంట్లోనే ఉన్నాను."

లేచి నిలబడి, ఆపింది నేనేనని చెప్పాలి. కాళ్ళు రాలేదనడం అబద్ధం. ఆ జనం ముందు, ఆ లాయరు ముందు చెప్పడానికి భయపడ్డాను. కూర్చునే ఉన్నాను.

జడ్జిగారు కళ్ళజోడు తీసి, మా ఆయన వైపు చూసి మెల్లగానే చెప్పింది. కొట్టేసిన కేసు చట్టం దృష్టిలో లేనట్టే. పదేళ్ళ తర్వాత చెప్పిన సాక్ష్యంతో దాన్ని బతికించడానికి వీల్లేదు. అప్పుడే వచ్చి చెప్పి ఉంటే, మూడోదానికే లైసెన్సు రద్దయ్యేది. ఇప్పుడు జరిమానా, నాలుగు నెలల సస్పెన్షన్. తర్వాతి కేసును పిలిచారు. ఎవరో స్కూటరు తప్పుచోట నిలిపినాయన గబగబా ముందుకు వచ్చాడు.

బయట మెట్ల మీద ఇద్దరం కూర్చుండిపోయాం. జనం మమ్మల్ని తప్పించుకుని పైకి, కిందికి నడుస్తున్నారు.

"ఎవరూ ఆపలేదని ఎందుకు అన్నారు? నేనే కదా వద్దన్నది. అందరి ముందూ నా పేరు చెప్పాల్సింది."

"నువ్వు వద్దంటే ఆగిపోవడానికి నేనేమన్నా పాలుతాగే పిల్లాడినా?" చాలా రోజుల తర్వాత నా మొహంలోకి చూశాడు. "నువ్వు ఎప్పుడు వద్దంటావా అనే ఆ కాగితం పట్టుకుని గుమ్మంలో నిలబడేవాణ్ణి. అనగానే ప్రాణం హాయిగా ఉండేది. వెళ్ళి పడుకునేవాణ్ణి."

ఇక ఆయన్ని తిట్టడానికీ లేదు, నన్ను తిట్టమని అడగడానికీ లేదు. ఆ పడుకోవడం నాకూ గుర్తుంది. ఆ గురువారాల్లో ఒక రోజు అమ్మాయికి బడి లేదు, పాటలు పెట్టుకుని గదిలో గంతులేస్తోంది. నాన్న పడుకున్నారు, అలికిడి చేశావంటే వీపు పగులుతుందని కసిరాను. పాట ఆపేసింది. ఆ పూటంతా ఇంట్లో మునివేళ్ళ మీద నడిచింది.