బండి మోయని బరువు

అరబ్బు దేశంలో, ఉనైజా అనే ఊళ్లో మెకానిక్ షెడ్లన్నీ ఉండే పేటను సనాయియా అంటారు. అక్కడ ఖాదర్ పొద్దున్నే చేసే మొదటి పని షట్టరు ఎత్తడం. రెండోది పక్క మలబారీ హోటల్లో పాలు లేని సులేమానీ చాయ్ తాగడం. మూడోది షెడ్డు వెనక్కి పోయి, తనను వీసా మీద రప్పించుకున్న యజమాని, కఫీలుగారి పాత క్యారవాన్ నిద్ర లేచిందో లేదో చూడటం.

లేవకపోతే తొందరపెట్టేవాడు కాదు. తనకు మాత్రం లేవాలని ఉందా ఏం?

అది జర్మనీవాళ్లు ఎప్పుడో డెబ్బైల్లో కట్టిన ఇల్లుబండి. లోపల రెండు మంచాలు, ఒక మనిషి పక్కకు తిరిగితే నిండిపోయే వంటగది, నిలబడి స్నానం చేసే గది ఉన్నాయి. ఎవరో ఇంజనీరు దాన్ని అంత దూరం నుంచి నడుపుకుంటూ వచ్చి, పోయేటప్పుడు కఫీలు అబూ సాలెహ్ తండ్రికి అప్పజెప్పి విమానమెక్కాడు. ఎడారికి అలవాటు పడిన కొన్నేళ్లకు బండి కూర్చోవడం నేర్చుకుంది. ముందు చక్రాలు లోపలికి మడుచుకుని, తర్వాత వెనక చక్రాలు మడుచుకుని, కడుపు నేలకు ఆనించి, ఒక నిట్టూర్పు విడిచి ఒంటెలాగే కూర్చునేది. అలిసిపోయినా కూర్చునేది, బరువెక్కువైనా కూర్చునేది. ఒకసారి బురైదా రోడ్డు మీద సిగ్నల్ దగ్గర కూర్చుంటే పోలీసు చలానా రాశాడు. రోడ్డుకు అడ్డంగా ఆపినందుకు రాశాడు గాని, కూర్చున్నందుకు కాదు.

ఖాదర్‌ది జమ్మలమడుగు దగ్గర ఒక పల్లె. ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకుల కుటుంబం. ఏసీలు, మోటార్లు, పైపులు, వైరింగు, ఏది చూపించినా చేసేవాడు. ఆ పనితనమే అతని కొంప ముంచింది. రెండేళ్లకొకసారి ఇవ్వాల్సిన సెలవు, ఒకసారి ఖర్జూరాల కోత ఉందని, ఒకసారి అబూ సాలెహ్ కొత్త ఇంట్లో ఏసీలు బిగించాలని, ఒకసారి ఏ కారణమూ లేకుండానే వెనక్కి పోయింది. అబూ సాలెహ్ చెడ్డవాడేం కాదు. పండగకు కొత్త బట్టలు పెడతాడు, పక్కన కూర్చోబెట్టుకుని తింటాడు. తన దగ్గరే పెట్టుకున్న ఖాదర్ పాస్‌పోర్టు మాట ఎత్తితే మాత్రం "బుక్రా, ఇన్షా అల్లా" అంటాడు. రేపు అని దానర్థం. ఆ రేపు ఎన్నటికీ తెల్లవారేది కాదు.

ఈసారి ఆగడానికి లేదు. ఖాదర్ ఊరు విడిచినప్పుడు భార్య హాజిరా కడుపుతో ఉంది. పుట్టిన బిడ్డ ఆసిఫాను అతను ఇంతవరకు చూడనేలేదు. వాళ్లల్లో బిడ్డకు నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులు నిండిన నాడు మతగురువైన హజ్రత్‌ను పిలిచి, తండ్రి ఒడిలో కూర్చోబెట్టి, మొదటి అక్షరం పలికిస్తారు. దాన్ని బిస్మిల్లా అంటారు. పెళ్లి తేదీ అయితే మార్చుకోవచ్చు, గృహప్రవేశమైతే వెనక్కి జరుపుకోవచ్చు. ఇది అట్లా కాదు. ఆ రోజు దగ్గరికి వచ్చేసింది.

"నువ్వు రాకపోతే మా అన్న ఒళ్లో కూర్చోబెడతాం," అంది హాజిరా ఫోన్లో. కోపంగా అనలేదు. కోపమైతే ఖాదర్ తట్టుకునేవాడే. "ఎవురిదన్నా ఒక ఒడి గావాల గదా బిడ్డకు."

ఆ మాట విని ఖాదర్ నేరుగా అబూ సాలెహ్ దగ్గరికి పోయి నిలబడ్డాడు. అబూ సాలెహ్ అంతా విన్నాడు, తల ఊపాడు, కళ్లు కూడా తుడుచుకున్నాడు.

"తప్పకుండా పంపిస్తాను. రెండు నెలలు ఉండి రా. ఒక్క చిన్న పని చేసిపెట్టు," అన్నాడు.

ఆ చిన్న పని బండిలో వేడినీళ్ల హీటరు బిగించడం. చలికాలంలో నాలుగు చినుకులు పడగానే అబూ సాలెహ్ కుటుంబం ఎడారిలోకి పోయి నెల రోజులు డేరాలు వేసుకుని ఉంటుంది. గుడారంలో పుట్టిన మనిషి అతని తల్లి. ఇంట్లో అందరూ ఆమెను మామా కబీరా అంటారు, పెద్దమ్మగారని. పోయిన ఏడాది తెల్లవారుజామున నమాజుకు ముందు మంచులాంటి నీళ్లతో కాళ్లూ చేతులూ కడిగి వజూ చేసి చేసి ఆమె మోకాళ్లు పట్టేశాయి. అయినా ఈసారి కూడా వస్తానని పట్టుబట్టింది. అందుకని కొడుకు రియాద్ నుంచి గ్యాసుతోనూ కరెంటుతోనూ నడిచే హీటరు తెప్పించాడు.

ఖాదర్ పని మొదలుపెట్టాడు. ఒళ్లంతా అలసటగానే ఉంది. ఆ అలసట పొద్దున మంచం మీద నుంచి లేచేటప్పుడే ఉంటుంది, పడుకుంటే పోయే రకం కాదు. ముందు బండి పక్కగోడ మీద వేళ్ల కణుపులతో తట్టుకుంటూ పోయి, లోపలి చెక్క ఎక్కడుందో, బోలు ఎక్కడుందో చూసుకున్నాడు. గీత గీశాడు. రేకు కోసే ముందు గోడ మీద చెయ్యి వేసి, "కొంచెం నొప్పిగా ఉంటాది, ఓర్చుకో," అన్నాడు. బండి కూర్చుని ఓర్చుకుంది.

హీటరు చుట్టూ చెక్కతో చట్రం కట్టాడు. పొగ బయటికి పోయే మూత బండి గోడకు సరిగ్గా అతికేలా పెట్టి, అంచుల వెంబడి జిగురుపట్టీ దట్టంగా నొక్కాడు. సిలిండరు నుంచి రాగి గొట్టం లాగాడు. చన్నీళ్లు కింద నుంచి, వేడినీళ్లు పైనుంచి కలిపాడు. ఇక్కడి ఇళ్లల్లో వచ్చే తక్కువ వోల్టేజీ కరెంటుతో ఆ కాయిల్ వేడెక్కదు, రెండువందల ఇరవై వోల్టులు కావాలి. అందుకని జనరేటరు నుంచి దానికి వేరే వైరు తెచ్చాడు. నీళ్లు నిండకుండా స్విచ్ వేస్తే కాయిల్ కాలిపోతుందని, స్విచ్ పక్కన ఎర్ర రంగుతో ఖాళీ కుండ బొమ్మ వేసి దాని మీద అడ్డంగా గీత కొట్టాడు. ఆ ఇంట్లో పిల్లలకు కూడా అర్థం కావాలని.

జిలానీ అన్న మధ్యమధ్యలో వచ్చి చూసిపోయేవాడు. ప్రొద్దుటూరు మనిషి, అబూ సాలెహ్ ఇంటి డ్రైవరు, ఖాదర్ కంటే పదేళ్లు పెద్ద.

"ఏంటికిరా అంత నున్నగా చేస్తాండావు? పెళ్లికూతురికి పూసినట్టు పూస్తాండావే," అన్నాడు ఒకనాడు.

"ముసలామె స్నానం చేసే నీళ్లన్నా ఇవి. గ్యాసు కారితే ఏం గావాల?"

"కారగూడదులే. అంత ముద్దుగా గూడా ఉండగూడదు. నా మాట విను. మంచిగా చేసినోన్ని ఈడ ఎవురూ వదల్రు. నన్ను చూడు. బండి సరిగ్గా తోల్తాననే గదా ఈడనే ముసిలోడ్ని అయిపోతి."

ఖాదర్ నవ్వాడు. పని పాడుచేద్దామని ఒక నిమిషం అనిపించకపోలేదు. ఒక నట్టు వదులుగా వదిలేస్తే చాలు, వీడికి చేతకాదు పొమ్మంటారు. కాని చేతులు వినలేదు. అవి అలవాటుగా పోయి ఆ నట్టును ఇంకో చుట్టు బిగించి వచ్చాయి.

అతుకులన్నిటికీ సబ్బు నురగ పూశాడు. ఎక్కడా ఒక్క బుడగ లేవలేదు. గ్యాసు వెలిగించాడు, నీలం మంట నిలకడగా నిలిచింది. కొంతసేపటికి కొళాయి తిప్పితే ఆవిరి కక్కుతూ నీళ్లు వచ్చాయి. మామా కబీరాను తీసుకొచ్చారు. ఆమె బుర్ఖా చేతులు పైకి లాక్కుని, ఆ నీళ్ల కింద మోచేతుల దాకా పెట్టి, చాలాసేపు అట్లాగే నిలబడింది.

"యాతీక్ అల్ ఆఫియా," అంది ఖాదర్‌తో. పనిచేసినవాడికి దేవుడు హాయినివ్వాలని దీవించడం. ఆ మాట అతను ఎన్నోసార్లు విన్నాడు. ఆమె అన్నప్పుడు మాత్రం, తుడిచిన కొళాయినే మళ్లీ తుడిచాడు.

అబూ సాలెహ్ సంతోషానికి హద్దుల్లేవు. కొళాయి తిప్పుతాడు, కట్టేస్తాడు, మళ్లీ తిప్పుతాడు. చివరికి ఖాదర్ భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు కూడా మాతో ఎడారికి వస్తున్నావు. అంత దూరంలో ఇది ఆగిపోతే మా అమ్మ గతేమిటి? తిరిగి రాగానే నీ సెలవు," అన్నాడు.

"బిస్మిల్లా అయిపోతుంది, బాబా."

"ఇన్షా అల్లా, వచ్చే ఏడాది ఇంకా గొప్పగా చేద్దువుగాని."

ఖాదర్ వాదించలేదు. వాదించడానికి కూడా ఒంట్లో ఏదో మిగిలి ఉండాలి. షెడ్డులోకి పోయి సంచిలో పానాలు, సీలింగు టేపు సర్దుకున్నాడు. హాజిరాకు ఫోన్ చేద్దామని అంకెలు నొక్కి, మధ్యలో ఆపేశాడు. ఏమని చెప్తాడు? నేను మంచిగా పనిచేసినందుకు రాలేకపోతున్నానని చెప్తాడా?

బయలుదేరే రోజు సాయంత్రం అసర్ నమాజు అయ్యాక సామానంతా ఎక్కించారు. తివాచీలు, డేరాలు, నీళ్ల డబ్బాలు, బియ్యం మూటలు, రెండు గొర్రెలు. బండి కిమ్మనకుండా నిలబడింది. మామా కబీరా ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. అబూ సాలెహ్ భార్య ఎక్కింది, పిల్లలు ఎక్కారు. చివరికి ఖాదర్ పానాల సంచితో మెట్టు మీద కాలు పెట్టి లోపలికి వచ్చాడు.

బండి ముందు చక్రాలు మడుచుకుంది. వెనక చక్రాలు మడుచుకుంది. నిట్టూర్చి కూర్చుంది.

"బరువెక్కువైంది," అన్నాడు అబూ సాలెహ్, స్టీరింగు దగ్గర నుంచి దిగుతూ. గొర్రెల్ని దింపించాడు. లేవలేదు. నీళ్ల డబ్బాలు దింపించాడు. లేవలేదు. జిలానీ, ఖాదర్ కలిసి తివాచీలు, బియ్యం, జనరేటరు అన్నీ దించి ఇసుక మీద పేర్చారు. దించినంతసేపూ ఖాదర్ లోపల నుంచి అందిస్తూనే ఉన్నాడు. బండి కళ్లు మూసుకున్నట్టే కూర్చుంది. అబూ సాలెహ్ బతిమాలాడు, తిట్టాడు, బానెట్ మీద అరచేత్తో నిమిరాడు. పిల్లలు ఆకలని ఏడుపు మొదలుపెట్టారు.

"ఖాదర్, హీటర్లో నీళ్లు కూడా తీసెయ్యి," అన్నాడు అబూ సాలెహ్ విసుగ్గా.

నీళ్లు వదిలే మర బయటి వైపు ఉంది. ఖాదర్ సంచి పట్టుకుని కిందికి దిగాడు. రెండో కాలు నేల మీద పడీపడక ముందే బండి లేచి నిలబడింది. లోపల పిల్లలు కేకలు వేశారు.

"అల్‌హమ్‌దులిల్లా," అని అబూ సాలెహ్ సామాను మళ్లీ ఎక్కించమన్నాడు. అన్నీ ఎక్కించారు, గొర్రెలతో సహా. బండి నిలబడే ఉంది. అప్పుడు ఖాదర్ ఎక్కాడు. బండి కూర్చుంది.

అబూ సాలెహ్ ఖాదర్‌ను కింది నుంచి పై దాకా చూశాడు. బక్క మనిషి. చేతిలో సంచి. సంచి తీసుకుని కింద పెట్టి, ఉత్త చేతులతో ఎక్కమన్నాడు. బండి లేవలేదు. ఖాదర్‌కు సిగ్గేసింది. తనలో అంత బరువుందని పదిమంది ముందు తేలిపోవడం, ఒంటి మీది బట్టలు ఊడిపోయినట్టుగా ఉంది.

మామా కబీరా కిటికీ దగ్గర నుంచి పిలిచింది. "ఇట్లా రా, కూర్చో. ఇంట్లో ఎవరెవరు ఉన్నారు నీకు?"

ఖాదర్ ఆమె ముందు కింద కూర్చుని, వచ్చిన అరబ్బీలో చెప్పాడు. భార్య ఉందన్నాడు. బిడ్డ ఉందన్నాడు. ఎట్లా ఉంటుందని ఆమె అడిగింది. నాకు తెలియదు అన్నాడు. ఆ తర్వాత మొహం మోకాళ్లలో పెట్టుకుని ఏడ్చాడు. కఫీలు ముందు, ఆడవాళ్ల ముందు, చిన్నపిల్లల ముందు పెద్దగా ఏడ్చాడు. ఎవరూ ఆపమనలేదు.

ముసలామె కొడుకు వైపు తిరిగింది. "ఇంతటి బరువును ఇన్నేళ్లు మనింట్లో పెట్టుకుని ఎట్లా తిన్నాంరా? పంపించు."

"పంపిస్తానమ్మా. రెండు నెలలు ఉండి రావడానికి ఖురూజ్ అవ్దా వేయిస్తాను, మళ్లీ వస్తాడు."

"వస్తే ఖాళీగా వస్తాడా? మళ్లీ ఇంతా మోసుకుని వస్తాడు. నా బండి ముసలిది. నిహాయీ వేయించు."

నిహాయీ అంటే తిరిగి రాకుండా పూర్తిగా పంపెయ్యడం. అబూ సాలెహ్ నోరు తెరిచి, తల్లి మొహం చూసి, మూసుకున్నాడు. ఆ రోజు ప్రయాణం ఆగింది. మర్నాడు అతనే పాస్‌పోర్టులు చూసే జవాజాత్ ఆఫీసుకు పోయి కాగితాలు చేయించి తెచ్చాడు. పాస్‌పోర్టు చేతికిచ్చేటప్పుడు ఖాదర్‌ను కౌగిలించుకున్నాడు గాని, మాట్లాడలేదు. అలిగాడు పాపం. తర్వాత కుటుంబాన్ని ఎక్కించుకుని ఎడారికి పోయాడు. బండి చిన్నపిల్లలా ఎగురుతూ పోయింది.

ఖాదర్ పాస్‌పోర్టు పట్టుకుని షెడ్డు ముందు నిలబడ్డాడు. అతను అడిగింది రెండు నెలలు. చేతికి వచ్చింది మొత్తం బతుకు. ఊళ్లో పని దొరుకుతుందో లేదో తెలియదు, జమ్మలమడుగులో హీటర్లు బిగించుకునేది ఎవరు? భయం వేసింది. ఆ భయంలోనే ఎక్కడో ఒంట్లో ఏదో తేలిక పడినట్టు కూడా ఉంది.

"చూస్తా నిలబడ్నావేందిరా? ఇంటికి ఫోన్ చెయ్యి," అన్నాడు జిలానీ. అతని గొంతులో సంతోషమూ ఉంది, ఇంకొకటీ ఉంది. "పొయ్యేముందు నేనూ ఎక్కి చూసినా ఆ బండి. కూసోలేదు. నా బరువు అలవాటైపోయిందేమో దానికి."

ఖాదర్ అతని చెయ్యి పట్టుకున్నాడు. తర్వాత ఫోన్ చేశాడు.

"వస్తాండా," అన్నాడు.

"ఎన్నాళ్లు?" అంది హాజిరా.

"ఇంగ పోయేది లేదు. నిహాయీ అయిపోయింది."

అవతల ఫోను ఎక్కడో పెట్టిన చప్పుడైంది. కార్డులో నిమిషాలు అయిపోతున్నాయని కూడా ఖాదర్‌కు తోచలేదు. అటు ఏదో గుసగుస, తలుపు చప్పుడు, హాజిరా ముక్కు చీదిన చప్పుడు వినిపించాయి. ఆ తర్వాత ఒక చిన్న గొంతు, పనిమీద వచ్చిన పెద్దమనిషిలా మాట్లాడింది.

"నాయనా, అమ్మ అడగమనింది. నీకు మంచం చేపీయాలంట. నువ్వు ఎంత పొడుగుంటావు?"