రెండు నట్లూ పైకే

"ఆదివారం చూద్దాంలే" అన్నాడు మొగుడు, పేపరు దించకుండానే.

అలాంటి ఆదివారాలు ఆరు వచ్చి వెళ్లాయి. ఆమె సైకిల్ ఎడమ క్రాంకు, పెడల్‌ని ఇరుసుకి కలిపే ఆ ఇనప చెయ్యి, తొక్కినప్పుడల్లా టక్కుమంటూనే ఉంది. ఈరోజు మాత్రం ఆగే రోజు కాదు. పన్నెండేళ్ల వంటింటి తర్వాత ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పని దొరికింది. తొమ్మిదింటికల్లా రాకపోతే ఇంకొకరున్నారని మేనేజరు ముందే చెప్పాడు. ఆ దారిన బస్సు లేదు. గడియారంలో ఏడున్నర.

క్రాంకుని ఇరుసుకి బిగించే కొత్త పిన్ను పప్పుల డబ్బాలో దాచింది, అది తీసింది. దాన్ని అమ్మిన మెకానిక్కు మాట గుర్తుంది: "నట్టు మొత్తం తీసేసి కొట్టకండమ్మా, మరలు నలిగిపోతాయి. పిన్ను అంచుదాకా వదులు చేసి, దానిమీద కొట్టండి."

క్రాంకు కింద ఆసరాగా కుళాయి గొట్టం ముక్క నిలబెట్టి సుత్తితో ఒక్కటిచ్చింది. కదల్లేదు. రెండోది. ఊహూఁ. పిన్ను వంగిందా, ఉద్యోగం వంగినట్టే.

"అమ్మాయ్, ఇల్లు కూలుస్తున్నావా?" లోపల్నుంచి అత్తగారు.

"లేదత్తయ్యా, సైకిలే."

"అసలు నీకెందుకమ్మా? ముప్పై దాటాక ఆడదాని మోకాళ్లింక అంతే."

మోకాళ్లు. రెండేళ్లుగా సైకిల్ మీద ఆమె కుడికాలు సాఫీగా తిరిగేది, ఎడమకాలు తడబడేది. "నీకు తొక్కడం రాదు, కుంటుతావు" అని మొగుడు నలుగురిలో నవ్వేవాడు. ఆమె కూడా ఆ నవ్వులో కలిసేది, వంట బాగున్నా ఉప్పు తక్కువైందని తనే ముందు ఒప్పుకునే అలవాటు కొద్దీ. నొప్పి మందు కూడా రాసుకుంది మోకాళ్లకి.

చెమట తుడుచుకుని వంగి చూసింది. పెడళ్లు అడ్డంగా ఉంటే ఒక నట్టు పైకి, రెండోది కిందికి ఉండాలన్నాడు మెకానిక్కు. ఇక్కడ రెండూ పైకే. రెండేళ్ల కిందట బిగించింది మొగుడే. "రెండూ ఒకవైపుంటేనే చూడ్డానికి పద్ధతిగా ఉంటుంది" అన్నాడప్పుడు. అందుకే పెడళ్లు ఒక గీతలో లేవు. కుంటింది ఆమె కాదు.

ఆ పద్ధతి మీదే కొట్టింది మూడో దెబ్బ. పిన్ను జారింది. నట్టు విప్పి దాన్ని లాగేసి, కొత్తదాన్ని పైనుంచి దించి, కింద నట్టు బిగించింది. పాత పిన్నుని పేపరు పక్కన, ఆయన చెయ్యి తగిలేచోట పెట్టింది. ఎనిమిదీ ఇరవై.

గేటుదాకా తొక్కి చూసింది. రెండు కాళ్లూ సమంగా తిరిగాయి.

"ఇదేంటి? మరి నా టీ ఏదీ?" అన్నాడు మొగుడు గుమ్మంలోకొచ్చి, చేతిలో పిన్నుతో.

"నీళ్లు మరిగాక పొడి వెయ్యండి" అంది ఆమె, పెడల్ మీద కాలు పెడుతూ. "ఆదివారం దాకా ఆగక్కర్లేదు."